అద్దంలో అల్లుడి కళ్లు

ఇది జరిగిన రోజుల్లో నాకు రాయడం రాదు. ఎక్కడ సంతకం పెట్టమన్నా ఎడమచేతి బొటనవేలు చాపేదాన్ని. మోకాళ్లు అరిగి పొలం పనికి పోవడం మానుకున్న తరువాత, అంగన్‌వాడీ గదిలో సాయంత్రం పూట నా ఈడు ఆడవాళ్లతో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. ముందు నా పేరు, తరువాత బస్సుల బోర్డులు, ఆ తరువాత పేపర్లో పెద్ద అక్షరాలు. మనసులో ఉన్నది కాగితం మీదికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

నోటితో చెప్పుకోవచ్చు కదా అంటే, నోటితో చెప్పుకునే సంగతి కాదు. ఇది మా అల్లుడి సంగతి. ఇందులో ఇంకో ఇంటి ఆడపిల్ల కూడా ఉంది. మా ఊళ్లో పొద్దున ఒకరి చెవిన వేసిన మాట సాయంత్రానికి వేరే మాటై తిరిగి మన ఇంటికే వస్తుంది. అందుకని ఇన్నేళ్లు దాన్ని కడుపులోనే పెట్టుకున్నాను. కాగితం మీద పెడితే నేను పెట్టినంతే ఉంటుంది, ఎవరూ ఇంకో పిడికెడు కలపరు అని ఇప్పుడు ధైర్యం వచ్చింది.

అప్పుడు నేను నాట్ల ముఠాకు పెద్దను. ముఠా అంటే మా వాడకట్టు ఆడవాళ్లమే. యాసంగిలో, అంటే చలికాలపు పంటకు, కేతేపల్లి అవతల కాలువ కింద మడులు నాటడానికి పోయేవాళ్లం. నాట్లు లేనప్పుడు పత్తి ఏరడానికి, నిమ్మతోటలకు పోయేవాళ్లం. ఏ రైతుకు ఎప్పుడు వస్తామో మాట ఇచ్చేది నేను. ఏ ఆటో ఎక్కాలో చెప్పేదీ నేనే. పొద్దున ఇంటింటికీ పోయి పిలిచేటప్పుడు ఆ ఇళ్లలోని ముసలివాళ్లు, మొగవాళ్లు నా ముఖమే చూసేవాళ్లు. తీసుకుపోయిన మనిషిని తీసుకుపోయినట్టే సాయంత్రం తెచ్చి అప్పజెప్పాలి. ఎక్కడో కూలీల ఆటో బోల్తా పడిందన్న కబురు అప్పుడప్పుడు వినబడుతూనే ఉండేది.

మా బిడ్డ మొగుడిది నకిరేకల్ అవతలి ఊరు. పెద్ద ఆటో కొనుక్కుని, మా ముఠాను నమ్ముకుని మా ఊరికి వచ్చి కిరాయి ఇంట్లో దిగాడు. మేము ఎక్కితేనే అతనికి ఇక్కడ పని. మేము వద్దంటే పెళ్లాన్ని, చంటిబిడ్డను తీసుకుని మళ్లీ తన ఊరికి పోవడమే. ముఠా క్షేమం, బిడ్డ కాపురం రెండూ ఒకే తాటికి కట్టి ఉన్నాయని నాకు మొదటి నుంచీ తెలుసు. అతని బండిలో ఏదైనా తేడా కనబడితే చెప్పాల్సిందీ నేనే, చెబితే బిడ్డ ఇల్లు కదిలేదీ నా వల్లనే.

మా ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట పడదు. అతను వస్తే కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు పోవాలి. మాట ఉంటే బిడ్డతోనో, బిడ్డ లేకపోతే గోడతోనో చెప్పినట్టు చెప్పాలి. అతను వింటాడు, అతనూ గోడకే జవాబు ఇస్తాడు. నేను వస్తున్నానంటే కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు, లేదా పక్క సందులోకి తప్పుకునేవాడు. ఒకరి ముఖం ఒకరం సరిగ్గా చూసుకున్నది పెళ్లినాడు కూడా లేదు.

మరి రోజూ ఒకే బండిలో ఎట్లా పోవడం? దీని మీద మా ఆడవాళ్లు పెద్ద పంచాయితీ చేశారు. డ్రైవరు పక్కన కూర్చోవడం కుదరదు, భుజం తగులుతుంది. బండి పక్కకు వేసిన చెక్క మీద కూర్చుంటే వంపు తిరిగినప్పుడల్లా అతని ముఖం పక్క నుంచి కనబడుతుంది. వెనక డిక్కీ మీద కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుందామంటే పెద్దదానికి మర్యాద కాదన్నారు. చివరికి సరిగ్గా అతని వెనక, మధ్య సీటులో నాకు జాగా ఖాయం చేశారు. అక్కడి నుంచి నాకు అతని మెడ తప్ప ఏమీ కనబడదు. నేను అతనికి అసలే కనబడను. అందరికీ అదే సరైనదిగా తోచింది. అతని తల మీద ఒక అద్దం ఉన్నదన్న సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

వరుసకు నాకు ఆడబిడ్డ అయ్యే ఒకామె మా ముఠాలో ఉండేది. నోరు ఊరికే ఉండదు. మొదటి రోజే అన్నది, "వదినె, అల్లుని మెడకు దిష్టి తగులుతది, జర కొంగు కిందికి గుంజుకో."

అందరూ నవ్వారు. అతని మెడ ఎర్రబడింది. అది నాకు కనబడింది.

నాట్ల పాటలో ఒక సంగతి ఉంటుంది, అది పాడించేవాళ్లకే తెలుస్తుంది. నేను ఒక చరణం అంటే వరసలో ఉన్నవాళ్లంతా అందుకుంటారు. మనసు మడిలో ఉన్న మనిషి వెంటనే అందుకుంటుంది. ఇంట్లో పిల్లకు జ్వరమో, రాత్రి మొగుడితో గొడవో ఉన్న మనిషి అరక్షణం ఆలస్యంగా అందుకుంటుంది. గొంతు అదే, పాట అదే, చేతిలో నారు అదే. ఆ కొంచెం ఆలస్యం వినే, నేను పొద్దెక్కకముందే ఎవరికి ఏ బాధ ఉన్నదో పోల్చుకునేదాన్ని. వాళ్లను ఆ రోజు గట్టు పక్కన ఉంచేదాన్ని.

ఆ ఆలస్యం నాకు అతని కాలిలో వినబడింది.

మంచు పడుతున్న ఒక పొద్దున సంగతి. ఊరు దాటాక మేకల మంద తొవ్వకు అడ్డం వచ్చింది. మంద దూరం నుంచే కనబడుతున్నది, మేమందరమూ చూశాం. అతని తల కూడా అటే ఉంది. అయినా బండి అదే వేగంతో పోయింది. అందరం ఇక గుద్దినట్టే అనుకున్నాక బ్రేక్ పడింది. ఒక మేకపిల్ల ముందు చక్రం పక్కనుంచి దూకి పోయింది. మేకల కాపరి తిడుతుంటే అతను తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు చూశాను. అతని ఎడమ చెవిలో నుంచి నల్లటి వైరు ఒకటి చొక్కా జేబులోకి పోతున్నది.

అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన రోజులవి. నాకు ఫోనంటే మొదటి నుంచీ నమ్మకం లేదు. ఎదుట ఉన్న మనిషిని వదిలిపెట్టి ఎక్కడో ఉన్న మనిషితో మాట్లాడించే వస్తువది. ఆ సాయంత్రం బిడ్డ ఇంటికి పోయి, అతను లోపల ఉన్నాడని తెలిసే, గుమ్మం బయట నిలబడి బిడ్డతో గట్టిగా చెప్పాను. చేతిలో పట్టుకున్నా చెవిలో పెట్టుకున్నా ఒకటే, బండి మీద ఉన్నంతసేపు ఫోను ఇంట్లోనే ఉండాలని. మర్నాటి నుంచి దారి పొడుగునా అతని చెవినీ జేబునూ చూస్తూ పోయాను, వైరు లేదు, జేబు చదునుగా ఉంది. ఇంకేం, అయిపోయిందనుకున్నాను.

కాలేదు. ఇంకా ఎక్కువైంది.

మేము కాలువ కిందికి పోవాలంటే హైవే దాటాలి. నడుమ డివైడరుకు ఉన్న సందు దగ్గర ఆగి, రెండు పక్కలా చూసుకుని, లారీలు తప్పుకున్నాక దాటాలి. ఒకరోజు దాటుతుంటే రాంగ్ సైడులో ఒక మోటరు సైకిలు వచ్చింది. అది రావడం నేను చూశాను, నా పక్కన కూర్చున్నవాళ్లు చూశారు. అతనూ చూసి ఉండాలి, ఎందుకంటే మెడ అటు తిరిగింది. కాలు కదలలేదు. కదిలినప్పుడు ఎంత గట్టిగా కదిలిందంటే, పక్క చెక్క మీద ఉన్న ఆడబిడ్డ నుదురు ఇనుప కడ్డీకి తగిలి చిట్లింది. నీళ్ల డబ్బా పగిలి అందరి చీరలూ తడిశాయి. వెనక నుంచి వచ్చిన లారీ హారను నా చెవిలో ఆ రోజంతా మోగుతూనే ఉంది.

నుదుటికి పసుపు అద్దుకుంటూ ఆడబిడ్డ నవ్వలేదు. "వదినె, నీ అల్లుడని ఇన్ని దినాలు ఊకున్న. ఇంకొక్కసారి గిట్లయితె నేనైతె ఎక్క. మా ఇంట్ల పిల్లలున్నరు."

అందరూ నా వైపు చూశారు. మాట చెప్పాల్సిన దాన్ని నేను. కారణం తెలుసుకోకుండా చెప్పకూడదనుకున్నాను. తెలుసుకోవాలంటే కనిపెట్టి చూడాలి. అప్పటి నుంచి నేను మా అల్లుడిని ఇంకా గట్టిగా కనిపెట్టడం మొదలుపెట్టాను.

కల్లు తాగుతున్నాడేమో అనుకున్నాను. పొద్దున బండి ఎక్కేటప్పుడు గాలి పీల్చి చూసేదాన్ని. సబ్బు వాసన, డీజిలు వాసన తప్ప ఏమీ లేదు. సబ్బు వాసన ఇంత ఎక్కువ ఎందుకు, ఏదైనా కప్పిపెట్టడానికా అనుకున్నాను. అతను టీ తాగడానికి పోయినప్పుడు సీటు కింద చెయ్యి పెట్టి వెతికాను. ఒక తుడుపు గుడ్డ, ఒక పానా, సగం వక్కపొడి పొట్లం. రాత్రి నిద్ర లేదేమో అని బిడ్డను అడిగాను. చంటిదానికంటే ముందే పండుకుంటాడన్నది. కళ్లు మసకేమో అనుకుంటే, దూరం నుంచి వచ్చే బస్సు ఏ ఊరిదో అతను చెప్పడం నేనే విన్నాను.

ఇవన్నీ కానప్పుడు మిగిలింది నా కంటికి అద్దంలో దొరికింది.

కొంగు అంచు కింద నుంచి చూస్తున్నాను. తల మీది అద్దంలో అతని కళ్లు పైకి లేచాయి. క్షణంలో దిగాయి. కొంచెం దూరం పోయాక మళ్లీ లేచాయి. తొవ్వ మీద ఉండాల్సిన కళ్లు బండి లోపలికి ఎందుకు చూస్తున్నాయి? నా పక్కన ఎవరున్నారా అని చూశాను. మా మరిది కోడలు ఉంది. చిన్న వయసులోనే మొగుడు పోయిన పిల్ల. ఇంట్లో కూర్చుంటే ఏడుస్తున్నదని నేనే వెంటపడి ముఠాలోకి తెచ్చాను. అప్పుడప్పుడే నవ్వడం మళ్లీ నేర్చుకుంటున్నది. ఆడబిడ్డ ఏదో అంటే ఆ పొద్దున కూడా నవ్వుతున్నది.

అతను చూస్తున్నది ఈ పిల్లనే అనుకున్నాను.

మర్నాడు ఏదో వంక పెట్టి ఆ పిల్లను వెనక డిక్కీ మీదికి మార్చాను. అద్దంలో కళ్లు లేవడం మానలేదు. ఎక్కడున్నదో అని వెతుకుతున్నాడు అనుకున్నాను. ఇంకో రోజు అద్దంలో పడకుండా ముందు సీటులో, ఆడబిడ్డను నడుమ పెట్టి, అవతలి పక్కన కూర్చోబెట్టాను. అప్పుడూ కళ్లు అద్దంలోకే లేచాయి. నాకు అనుమానం రాకుండా కావాలని ఇటు చూస్తున్నాడు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తున్నది. ఆ పిల్ల ఎక్కడ కూర్చున్నా నా అనుమానానికి ఒక జవాబు ఉండేది. ఆ పిల్ల లేకపోయినా ఉండేదేమో. కానీ అప్పుడు బ్రేక్ పడిన ప్రతిసారీ నేను ముందు తొవ్వ చూడలేదు, ఆ పిల్ల ముఖం చూశాను. ఆమె అది కనిపెట్టింది. నవ్వడం తగ్గించింది. పాటలో ఆలస్యంగా అందుకోవడం మొదలుపెట్టింది. దాన్ని కూడా నేను సాక్ష్యం కిందనే జమ చేసుకున్నాను.

ఇట్లా ఉండగా ఒకరోజు నిమ్మకాయ తెంపడానికి నకిరేకల్ వైపు పోతున్నాం. ఊరి ముందర పోలీసులు ఆటోలన్నింటినీ పక్కకు ఆపుతున్నారు. జరిమానాలేమో అనుకున్నాం. కాదు, డ్రైవర్లకు జాగ్రత్తలు చెప్పడానికి వచ్చారట. షామియానా కింద ఒక ఆఫీసరు ఒక చేతి పొడుగు కట్టె పట్టుకుని నిలబడ్డాడు. కట్టెకు కింద ఆకుపచ్చ, నడుమ పసుపు, పైన ఎరుపు రంగు వేసి ఉంది. డ్రైవరు చెయ్యి చాపి, బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి. ఆఫీసరు వాటి నడుమ కట్టెను చెప్పకుండా వదులుతాడు. పడిపోకముందే పట్టుకోవాలి. ఆకుపచ్చ దగ్గర పట్టుకుంటే తొందరగా పట్టుకున్నట్టు, ఎరుపు దగ్గరైతే ఆలస్యం.

మేమంతా బండి దిగి చుట్టూ చేరాం. తమాషా లాగే ఉంది. ముందు ఒక్కొక్కరు మామూలుగా పట్టారు. తరువాత చెవి దగ్గర ఫోను పెట్టి ఇంటికి మాట్లాడుతూ పట్టమన్నాడు. ఒక పెద్దాయన పెళ్లాంతో ఉప్పు సంగతి మాట్లాడుతూ కట్టెను కాలి మీద వేసుకున్నాడు. జనం నవ్వారు. కన్ను చూస్తుంది, కానీ చూసిన సంగతి కాలి దాకా పోవడానికి మనసు ఖాళీగా ఉండాలి, మనసు వేరే పనిలో ఉంటే కబురు ఆలస్యంగా అందుతుంది అని ఆఫీసరు చెప్పాడు. అదే ఆలస్యంలో బండి ఎన్ని బారలు ముందుకు పోతుందో చూపించడానికి తొవ్వ మీద సున్నంతో గీతలు కూడా గీయించాడు. నాట్ల పాట సంగతి ఇతనికి ఎవరు చెప్పారా అనుకున్నాను.

మా అల్లుడి వంతు వచ్చింది. నేను జనం వెనక ఉన్నాను. ఆకుపచ్చ దగ్గరే టక్కున పట్టాడు. ఆఫీసరు ఇచ్చిన ఫోనుతో పసుపు దగ్గర పట్టాడు. ఆడబిడ్డ ఊరుకోక, "సారూ, మా డ్రైవరుకు ఫోన్ ఎందుకు, నేనే మాట్లాడిస్త" అని అతని పక్కన చేరి, రాత్రి ఏం కూర, ఎవరు వండిండ్రు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. అతను నవ్వుతూనే పసుపు దగ్గర పట్టాడు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. అది నాకు చాలా తెలివైనదిగా కనబడింది. నా పక్కనే ఉన్న మరిది కోడలితో అన్నాను, ముందుకు పోయి, నాకు ఎండకు తలనొప్పిగా ఉంది, బండి పెట్టెలో మాత్ర తీసుకోవాలి, తాళం చెవి ఇయ్యమని అడిగి రమ్మని. సరిగ్గా ఆఫీసరు కట్టె ఎత్తుతున్నప్పుడు పంపాను. ఆ పిల్ల పోయి అతని ఎదుట నిలబడింది. అడిగింది. కట్టె పడింది. అతను ఆకుపచ్చ మీద పట్టాడు. పట్టుకునే, "జర ఆగు చెల్లె, ఇస్త" అన్నాడు.

నేను నమ్మలేదు. ఏ రంగు మీద పట్టాడో సరిగ్గా చూద్దామని జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాను. ఆఫీసరు మళ్లీ కట్టె ఎత్తాడు. మా అల్లుడు తల తిప్పి నన్ను చూశాడు. నా కొంగు భుజం మీద ఉంది, ఆ తొందరలో తల మీదికి లాక్కోవడం మరచిపోయాను.

కట్టె అతని వేళ్ల నడుమ నుంచి నేల మీద పడింది. అతని వేళ్లు కదలను కూడా లేదు.

ఆఫీసరు ఏమైందని అడిగాడు. ఇంకోసారి వదిలాడు. మళ్లీ నేల మీదనే పడింది. అతను తల వంచుకుని తన చేతినే చూసుకుంటున్నాడు. జనంలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆడబిడ్డకు మాత్రం అర్థమైంది.

"సారూ, ఫోన్లు గిట్ల బంద్ జేసుడు కాదు. ముందుగాల గీ అత్తను బంద్ జెయ్యిండ్రి" అన్నది.

అందరూ పగలబడి నవ్వారు. నవ్వని వాళ్లం ముగ్గురం. మా అల్లుడు, నేను, తాళం చెవి చేతిలో పట్టుకుని నిలబడిన మరిది కోడలు. ఆమె నా దగ్గరికి వచ్చి, తాళం చెవి నా అరచేతిలో పెట్టి, మెల్లగా నాకే వినబడేట్టు అన్నది.

"అత్తా, తలకాయనొప్పి నీకు లేదు. నన్నెందుకు పంపినవో నాకు ఎర్కె. గిన్ని దినాలు ఎందుకు జాగాలు మార్చినవో గది గూడ ఎర్కె."

ఆ రోజు ఆమె మా బండి ఎక్కలేదు. తోటకు రాలేదు. రోడ్డు దాటి బస్సెక్కి ఊరికి పోయింది. తోటలో చెట్టు కింద వంగినంతసేపు ముళ్లు గీసుకుపోతున్నా నాకు తెలియలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బిడ్డ ఇంటికి పోయాను. అతను లోపలి గదిలో, బిడ్డ వాకిట్లో గిన్నెలు తోముతూ, నేను గుమ్మం పక్కన. ఎప్పటిలాగే గోడకు చెప్పినట్టు చెప్పాను.

"బిడ్డా, మీ ఆయనను అడుగు. నన్ను జూస్తె గా కట్టె ఎందుకు జారిందో."

లోపల మంచం కిర్రుమన్నది. తరువాత అతని గొంతు వచ్చింది, గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నట్టు.

"మీ అమ్మకు చెప్పు. నాకు తాగుడు లేదు, ఇంకేం లేదు. ఆమె ఎన్క కూసుంటె నా పానమంత మెడల ఉంటది."

"గదేందో సరిగ్గ జెప్పు" అన్నది బిడ్డ. "మా అమ్మ నిన్ను తింటదా?"

"తొవ్వల బర్రె వచ్చిందనుకో. కన్నుకు కనబడతది. కాలు బ్రేక్ మీదికి పోవాలె. గాడికి పోకముందే అద్దంల ఆమె మొఖం జూస్త, కోపానికొచ్చిందా, ఏమంటదో అని. గంతల బర్రె దగ్గరికొస్తది. బ్రేక్ లేటయిందని ఆమె ఇంక జూస్తది. ఆమె జూసినకొద్ది నేను జూస్త."

బిడ్డ చెయ్యి గిన్నె మీద ఆగింది. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది.

"అత్తకు ఎట్ల జెప్పాలె, నా బండి ఎక్కకు అని?"

నేను వెంటనే వెళ్లిపోలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. మేకల మంద వచ్చిన రోజు నేను అతన్ని కనిపెట్టడం ఇంకా మొదలుపెట్టలేదు. ఆ రోజు ఏమిటి కారణం? బిడ్డను అడగమన్నాను. అతను ఈసారి తొందరగానే చెప్పాడు.

"గా దినం ఫోనే. మా బాపుకు పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్నమని అన్న జేసిండు. గది నా తప్పే. గందుకే మళ్ల ఫోన్ ముట్టలె."

వియ్యంకుడికి ఒంట్లో బాగాలేదన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. బిడ్డ ముఖం చూద్దామంటే ఆమె గిన్నెల మీదికి వంగింది. ఆమెకు తెలుసో, అప్పుడే విన్నదో నాకు అంతుబట్టలేదు. అది నిజమే అయి ఉండవచ్చు. కాకపోయి కూడా ఉండవచ్చు. ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే బిడ్డ చెబుతుంది, కానీ చెప్పిన దాన్ని నేను నమ్ముతానో లేదో నాకే నమ్మకం లేదు.

ఇంటికి వచ్చి కూర్చుని కట్టె సంగతే ఆలోచించాను. కావాలని వదిలేశాడేమో, నన్ను బండి దింపడానికి ఇట్లా చేశాడేమో అని కూడా ఒకసారి అనుకున్నాను. కానీ ఆ వేళ్లను నేను దగ్గర నుంచి చూశాను. కావాలని వదిలేసే చెయ్యి కొంచెమైనా కదులుతుంది. అతని వేళ్లు మంచులో పెట్టినట్టు ఉన్నాయి. ముఠాలో అందరినీ క్షేమంగా తెచ్చి అప్పజెప్పాలని నేను వెనక కూర్చుని కళ్లల్లో వత్తులు వేసుకున్నాను. అట్లా చూసిన ప్రతి రోజూ ఆ బ్రేకు ఇంకొంచెం ఆలస్యమైంది. ఆడబిడ్డ నుదుటి మీది గాయంలో ఫోను వాటా ఏమీ లేదు.

ఆటో మార్చాల్సిన పని లేదు. మారాల్సిన మనిషి ఒకరే ఉన్నారు. ముఠాపెద్ద ముఠాతో కలిసి బండిలో పోకపోతే రైతులు ఏమంటారు, ఊళ్లో ఏమనుకుంటారు, అత్తా అల్లుడికి ఏదో చెడిందని ఎన్ని కథలు పుడతాయి అని ఒక్కొక్కటీ ఎదుటికి వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టు పక్కకు పెట్టాను.

తెల్లారి మంచు విడవకముందే మరిది ఇంటికి పోయాను. కోడలు వాకిలి ఊడుస్తున్నది. నన్ను చూసి చీపురు ఆపలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. నిన్ను అనుమానించాను, తప్పు నాది, ఇయ్యాల్టి నుంచి ఆటోలో నీ ఇష్టమొచ్చిన చోట కూర్చో, నేను బస్సులో వస్తాను అన్నాను.

ఆమె నడుము ఎత్తి నా ముఖంలోకి చూసింది. "మమ్ముల ఆటోల ఎక్కిచ్చి, నువ్వు బస్సుల కూసోని ఇంకేం కనిపెడ్దామనుకున్నవ్?"

"ఏం కనిపెట్ట. కనిపెట్టొద్దనే పోతున్న."

ఆమె చీపురు గోడకు ఆనించింది. నమ్మిందో లేదో తెలియదు. చెత్త ఎత్తి లోపలికి పోయింది. అక్కడే నిలబడి ఆమె సద్దిగిన్నె కట్టుకుంటుందా లేదా చూడాలని కాళ్లు లాగాయి. చూడకుండా ఆడబిడ్డ ఇంటికి పోయి, ఇవాళ అందరినీ పిలిచి ఎక్కించే పని నీదని చెప్పాను. నేను ఎక్కనంటే ఆమె నోట జోకు వస్తుందనుకున్నాను. రాలేదు. సరే వదినె అన్నది, అంతే.

మొదటి బస్సుకు కేతేపల్లి స్టేజీ దగ్గర దిగాను. హైవే దాటి, కాలువ గట్టు పట్టుకుని, ఆ రోజు నాటాల్సిన పొలానికి నడుచుకుంటూ పోయాను. రైతు ఇంకా రాలేదు. నారుమడిలో దిగి, రోడ్డుకు వీపు పెట్టి, వంగి నారు పీకడం మొదలుపెట్టాను. నీళ్లు ఎముకలు కొరికేట్టున్నాయి. పొద్దు కొంచెం పైకి వచ్చాక గట్టు మీద ఆటో చప్పుడు వినబడింది. దగ్గరికి వచ్చింది. వంపు దగ్గర మెల్లగైంది, ఆగింది. ఆడవాళ్లు దిగుతున్నారు, గిన్నెలు మోగుతున్నాయి, ఎవరో నవ్వారు. ఎవరు దిగారు, ఎవరు దిగలేదు అని తిరిగి చూడలేదు. పీకిన నారు నీళ్లలో జాడించి, పిడికిలి కట్టి పక్కన పెట్టి, ఇంకో పిడికిలి పట్టుకున్నాను.